ఎన్ని సూదులు వేసితిమి? ఎందరు బాగుపడిరి?

(సంఘ సర్వసభ్య సమావేశమున ఆరోగ్య ఉపసంఘము పక్షమున చేసిన ఉపన్యాస పాఠము)



మన వైద్య శిబిరమును గూర్చిన నివేదికను కార్యదర్శిగారు ఇప్పుడే చదివి వినిపించిరి. ఎందరు వచ్చిరో, ఎన్ని మాత్రలు పంచితిమో, ఎన్ని కళ్లజోళ్లు ఇచ్చితిమో అందు వివరముగా నున్నది. చందాలిచ్చిన వదాన్యుల పేర్లును ఉన్నవి. వచ్చినవారిలో ఎందరికి జబ్బు నయమైనదో మాత్రము అందు లేదు. కార్యదర్శిగారిని తప్పుపట్టుటకై ఈ మాట యనుటలేదు. ప్రభుత్వముల నివేదికలును బహుకాలము ఇట్లే యుండినవి. అయితే వచ్చే ఏడును ఈ శిబిరమునకే ధనము కేటాయింపవలెనను తీర్మానము సభ ముందున్నది. కావున ఒక ఆరోగ్య కార్యక్రమము ఫలించినదో లేదో తెలిసికొనుట యెట్లో కొంచెము చెప్పనిండు. దృష్టాంతములకై దూరము పోనక్కరలేదు. క్షయవ్యాధి విషయమున మన ఇరుగుపొరుగున జరిగిన రెండు పరీక్షలు చాలును.

మొదటిది మద్రాసులో 1956లో ఆరంభమైనది. అంతకుముందు క్షయ యనగానే శానటోరియమే శరణ్యమని లోకము నమ్మెను. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము పేరు విననివారు మన పెద్దలలో నుండరు. మంచి గాలి, పూర్ణ విశ్రాంతి, పాలు, గ్రుడ్లు లేనిదే మందు పనిచేయదని అభిప్రాయము. కాని పడకలు స్వల్పము, రోగులు లక్షలు. అప్పటికి నోటితో మింగెడి మంచి మందులు వచ్చియుండెను. వానిని ఇంటికే ఇచ్చి పంపిన నేమగును? మద్రాసు క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారు 193 మంది రోగులను తీసికొని, చీట్లు వేసినట్లుగా రెండు జట్లు చేసిరి. ఒక జట్టు శానటోరియమునకు పోయెను. రెండవది తమ యిండ్లలోనే యుండెను. ఆ యిండ్లు పేదల యిండ్లు. ఇరుకు గదులు, చాలీచాలని తిండి. ఉభయులకును ఏడాదిపాటు అవే మందులు.

ఈ చీట్లు వేయుట యెందుకని మీరడుగవచ్చును. రైతు క్రొత్త వరి విత్తనమును చెరువు క్రింది మడిలోను, పాత విత్తనమును మెట్టమీదను చల్లి, క్రొత్తది బాగుగ పండినదని చెప్పిన, మనము నవ్వుదుము కదా! వైద్యులే రోగుల నేర్పరచినచో, ఒకరు జబ్బు ముదిరినవారిని, మరియొకరు ఇల్లు బాగుగా నున్నవారిని ఏదో యొక వైపునకు పంపుదురు. అప్పుడు మనకు కనబడునది చికిత్సలోని భేదమా, రోగులలోని భేదమా? చీటికి పక్షపాతము లేదు.

ఏడాది తిరుగునప్పటికి శానటోరియము జట్టులో నూటికి 92 మందికిని, ఇంటి జట్టులో నూటికి 86 మందికిని వ్యాధి అణగినది. ఆ స్వల్ప భేదము యాదృచ్ఛికముగా గూడ రాదగినదే. మరి ఇంటిలోని భార్యాబిడ్డల మాటయో? ఐదేండ్లు వారిని గూడ పరీక్షించుచు వచ్చిరి. రోగి యింటనుండుటవలన వారికి వ్యాధి హెచ్చుగా సోకలేదు. 1962లో దేశమున ఆరంభమైన క్షయ నివారణ కార్యక్రమము ఇంటి చికిత్సను ఆధారము చేసికొనుటకు ఇదియే పునాది.

రెండవ పరీక్ష బి.సి.జి. టీకాది. దేశమంతట ఈ టీకాలు వేయు ఉద్యమము 1951లో సాగనారంభించెను. 1955లో రాజాజీగారు దీనిని వ్యతిరేకించుచు ఒక చిన్న పుస్తకమే ప్రకటించిరి. పత్రికలలో వాదప్రతివాదములు సాగినవి. సమర్థించువారికి గొప్ప ఆధారము బ్రిటనులో 1950 నుండి జరిగిన పరీక్ష. అచట ఏబదివేలకు పైగా విద్యార్థులపై చూడగా, నూటికి సుమారు ఎనుబది వంతులు రక్షణ కలిగినదని తేలెను. అచట పనిచేసినది ఇచట పనిచేయకపోవునా?

పనిచేయునో లేదో చూచుటకే 1968లో నాటి చెంగల్పట్టు జిల్లాలో, తిరువళ్ళూరు చుట్టుపట్ల, మహాపరీక్ష యొకటి మొదలు పెట్టిరి. అది మనవారు తరతరములుగా కాపురమున్న సీమ. సుమారు 3,60,000 జనాభా గల ప్రాంతము. ఇష్టపడినవారిలో కొందరికి టీకా, కొందరికి అట్లే కనబడు వట్టి మందు వేసిరి. ఎవరికేది వేసినదియు వేయించుకొన్నవారికి తెలియదు. ఎక్స్‌రే చూచి రోగ నిర్ణయము చేయువారికిని తెలియదు. రెండున్నర యేండ్లకొకమారు ఊరూర తిరిగి ఎక్స్‌రేలు తీసి, తెమడ పరీక్షించిరి. ఇంత ఓపిక, ఇంత ధనము వెచ్చించిన పిదప 1979-80లో ఫలితము వెలువడెను: పెద్దలలో వచ్చు ఊపిరితిత్తుల క్షయనుండి ఈ టీకా ఆ సీమలో రక్షణ నీయలేదు. 15 సంవత్సరముల లెక్క 1999లో ప్రకటించినపుడును ఆ తీర్పు మారలేదు. పత్రికలలో వాదించిన తేలని సంగతి, పల్లెలలో ఓపికతో లెక్కించిన తేలినది. రాజాజీగారు 1972లోనే కాలధర్మము నొందుటచే దానిని చూడలేదు.

ఇచట తల్లులు తొందరపడరాదు. ఆ పరీక్ష అడిగిన ప్రశ్న పెద్దల ఊపిరితిత్తుల క్షయను గూర్చి. పసిబిడ్డలకు వచ్చు మెదడు పొరల క్షయ సంగతి తేల్చుటకు అది ఏర్పడలేదు. ఆ ఘోరవ్యాధినుండి బిడ్డలను ఈ టీకా చాలవరకు కాపాడునని అన్యపరీక్షలు చూపినవి. అందుచేతనే నేటికిని పుట్టిన బిడ్డకు వేయుచున్నారు, తప్పక వేయింపుడు. ఏ ప్రశ్న వేసితిమో దానికే జవాబు వచ్చును.

1962 నాటి కార్యక్రమము గతియేమైనదో ఒక్క మాట. 1992లో దానిని సమీక్షించినవారు ధనము చాలదనియు, ఎక్స్‌రేలమీద అతిగా ఆధారపడుచున్నారనియు, చికిత్స ముగించువారు తక్కువ యనియు కనుగొనిరి. మద్రాసులో రుజువైన మందే. ఊరిలో రోగి చివరివరకు మింగుట లేదు. 1993 నుండి కొన్ని చోట్ల పరీక్షించి, 1997లో ప్రారంభించి, 2006 నాటికి దేశమంతట వ్యాపింపజేసిన క్రొత్త పద్ధతిలో ప్రతి రోగికిని రిజిస్టరులో ఒక వరుస కలదు. ఆ వరుస చివర నయమయ్యెనా, మరణించెనా, నడుమ మానెనా యని వ్రాయక తీరదు. ఆ చివరి గడియే నాకు మిక్కిలి నచ్చినది.

మన శిబిరమునకు అట్టి గడి లేదు. రక్తపుపోటు ఎక్కువగా నున్నదని చెప్పి, పదిరోజుల మాత్రలిచ్చి పంపిన ముసలమ్మ పదునొకండవ రోజున ఏమి చేసినదో మనలో నెవరికి తెలియును? పైగా మన పల్లెలలో భాష చిక్కొకటి. తమిళమున ‘సళి’ యన్న కఫము. మన ‘చలి’ వేరు. ఇల్లు కదలని వృద్ధురాలిని ఆరోగ్య కార్యకర్త సళి యున్నదా యని యడిగిన, ఎండకాలమున చలి యేమిటి నాయనా, లేదనును. కాగితముమీద ఆమె ఆరోగ్యవంతురాలు. లెక్కలో మనవారు తప్పిపోవుట ఇట్లు జరుగును.

కావున తీర్మానమునకు ఈ సవరణ ప్రతిపాదించుచున్నాను. ధనములో సగమే శిబిరమునకు. తక్కిన సగము, శిబిరమునకు వచ్చినవారి యిండ్లకు నెల తరువాత నొకమారు, ఆరునెలల తరువాత నొకమారు వెళ్లి, పోటు చూచి వ్రాసికొను ఇద్దరు మనుష్యులకు. అన్ని పల్లెలకు ఒకే యేడు పోలేము. కనుక పల్లెల పేర్లు చీట్లు వేసి, సగము ఊళ్లకు ఈ యేడు, సగము ఊళ్లకు వచ్చే యేడు పోవుదము. ఎవరి యూరు ముందన్న తగవును తీరును. రెండవ సగము ఊళ్లలో గూడ ఈ యేడే పోటు చూచి వ్రాసియుంచి, పోటు మితిమీరిన వారిని వెంటనే సర్కారు ఆసుపత్రికి పంపినచో, పోల్చుటకు ఆధారము దొరకును. ఎవరికిని అన్యాయము జరుగదు. రెండు భాషలును బాగుగా వచ్చిన యువతీయువకులు, ముఖ్యముగా సైకిలో మోటారుసైకిలో ఉన్నవారు, ఈ ఆదివారములోగా తమ పేర్లు కార్యదర్శిగారికి ఇయ్యవలెను. నోటుపుస్తకములు ఉపసంఘమువారే కొందురు.