ఎత్తు పెంచిన జీపు వణకుటకు కారణములు



ఎత్తు పెంచిన జీపు ఏల వణకును? ఆ మ్రోత ఎచ్చటినుండి వచ్చుచున్నదో ఎట్లు గుర్తింపవలెను? నేడు మీతో చెప్పదలచిన సంగతి ఇదియే. భద్రాచలమునుండి దుమ్ముగూడెము, చర్లల వైపు అడవి యంచున నున్న పల్లెలలో వానకాలమున వాగు దాటించి రోగిని ఆసుపత్రికి చేర్చునది తరచుగా ఒక్క జీపే. కావున ఇది మెకానిక్కులకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

నా యనుభవమునే చెప్పెదను. వాగులోని రాళ్లు అడుగున తగులుచున్నవని పట్టణమున నొక షెడ్డులో నా జీపును 3 అంగుళములు పైకెత్తించితిని. వారు కమాను కట్టలకు పట్టీలు చేర్చి, వెనుక పొడవైన షాకిళ్లు బిగించిరి. నాటినుండి వేగము గంటకు 50 కిలోమీటర్లు దాటగానే కాళ్లక్రింది రేకు వణకసాగెను. టైర్ల దోషమని తలచి క్రొత్తవి వేయించితిని. బ్యాలెన్సింగు చేయించితిని. వణకు తగ్గలేదు, చప్పుడునకు నేనే అలవాటు పడితిని.

ఒక శ్రావణమాసపు రాత్రి పురిటి నొప్పులు పడుచున్న యొక యిల్లాలిని ఎక్కించుకొని వచ్చుచుంటిమి. వాగు దాటి రోడ్డెక్కిన పిదప అడుగున పెద్ద చప్పుడయ్యెను. దిగి చూడగా ప్రొపెల్లర్ షాఫ్టు వెనుక కొన ఊడి వ్రేలాడుచుండెను. విప్పుటకు పనిముట్లు లేవు. మరియొక బండి వచ్చుసరికి గంట పట్టినది. తల్లియు బిడ్డయు క్షేమముగనే యున్నారు; కాని ఆ గంటను నేనింకను మరువలేదు.

మరునాడు భద్రాచలములో నొక వృద్ధ మెకానిక్కు బండి చూచి, "అయ్యా, టైర్లు కొనకముందే బండిని నాలుగు ప్రశ్నలు అడుగవలసినది" అనెను. ఆ ప్రశ్నలకు ముందు షాఫ్టు పని కొంచెము తెలిసికొనవలెను.

గేరుబాక్సు తిరుగుడును వెనుక యిరుసునకు అందించునది ఈ షాఫ్టు. గేరుబాక్సు కదలదు; ఇరుసు కమానులపై ఎగిరెగిరి పడును. అందుచేత షాఫ్టు రెండు కొనలను మణికట్టువలె వంగు కీళ్లు కలవు. వీనినే మనవారు క్రాసులందురు. 17వ శతాబ్దమున ఇంగ్లండులో రాబర్టు హుక్ ఈ కీలు నడకను పరిశీలించెను. కీలు వంగి తిరుగునపుడు ఒక వైపు సమముగా తిరిగినను, రెండవ వైపు ఒక్కొక్క చుట్టునకు రెండుమార్లు వడిగాను, రెండుమార్లు మెల్లగాను తిరుగును. వంపు 10 డిగ్రీలైన ఈ హెచ్చుతగ్గు నూటికి ఒకటిన్నర. 20 డిగ్రీలైన నూటికి ఆరు. రెండు కొనల వంపులు సమానమైనచో, మొదటి కీలు చేసిన తప్పును రెండవది దిద్దును. షాకిలు పొడవైనపుడు ఇరుసు ముక్కు పైకి తిరుగును, రెండు వంపుల సమానత చెడును, దిద్దుబాటు నిలిచిపోవును.

ఇక ప్రశ్నలు. మొదటిది: అదే వేగమున గేరు మార్చినను వణకు అట్లే యున్నదా? ఉన్నచో దోషము ఇంజనులో కాదు, గేరుబాక్సు వెనుక నున్నది. రెండవది: స్టీరింగు మెల్లగా ఊగుచున్నదా, లేక నేల సన్నగా ఝుమ్మనుచున్నదా? గంటకు 60 కిలోమీటర్ల వేగమున జీపు చక్రము క్షణమునకు సుమారు ఏడెనిమిది చుట్లు తిరుగగా, షాఫ్టు దాదాపు ముప్పది చుట్లు తిరుగును. వంపు దోషము దానికి రెట్టింపు సార్లు తట్టును. కావున మెల్లని ఊగు చక్రములది, సన్నని ఝుంకారము షాఫ్టుది. మూడవది: ఆక్సిలరేటరు త్రొక్కినపుడు, వదలినపుడు వణకు మారుచున్నదా? మారినచో వంపునే ముందు అనుమానింపవలెను. లాగుడు తగిలినప్పుడెల్ల ఇరుసు ముక్కు లేచి వంపు మారును. నాలుగవది: బండి కదలునపుడు టంగుమని మ్రోగుచున్నదా? అట్లయిన క్రాసులు అరిగినవి. బండిని సమతలమున నిలిపి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, ఇంజను ఆపి, షాఫ్టును చేతితో త్రిప్పి చూచిన ఆ సందు తెలియును.

ఆయన బడిపిల్లల కోణమాపకమునకు దారము, గుండు కట్టి కొలిచెను. ముందు వంపు 12 డిగ్రీలు, వెనుక వంపు 6 డిగ్రీలు. ఎత్తు సగము తగ్గించి, ఇరుసు క్రింద ఏటవాలు ఉక్కుముక్కలు చేర్చి, రెండు వంపులను సుమారు 7 డిగ్రీలకు తెచ్చెను. క్రొత్త క్రాసులు వేసి, షాఫ్టు జారుముక్కను గుర్తుకు గుర్తు కలిపి బిగించెను. ఆ గుర్తు తప్పినచో వంపులు సమమైనను వణకు పోదని హెచ్చరించెను. వణకు పోయినది.

పెద్దలారా, మీ యూరి బండిని ఎత్తు చేయింపదలచినచో ముందు చట్టమును విచారింపుడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదు. ఇదివరకే ఎత్తు చేసిన బండి యున్నచో, వానలకు ముందే షాఫ్టు వంపులు కొలిపింపుడు, క్రాసులకు గ్రీజు పెట్టింపుడు. నావలె చప్పుడునకు అలవాటు పడకుడు. బండి మాటలాడలేదు, దానికున్న నోరు ఆ చప్పుడే.