టికెట్టు ఎవరిస్తారు? ఎవరిని అడిగి ఇస్తారు?

(నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం 'స్త్రీలు - రాజకీయ భాగస్వామ్యం'. ఈ విషయం మీద మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ఓటు హక్కు గురించి, లేదా రిజర్వేషన్ల గురించి చెప్పుకుంటాం. ఈ రెండింటి మధ్యా ఇంకొక మెట్టు ఉంది. ఓటరు ముందుకు వచ్చే పేర్లను ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే ఆ మెట్టు. ఊళ్లలో స్త్రీలతో కూర్చున్నప్పుడు ఈ ప్రశ్న సూటిగానే వస్తుంది. "ఓటెయ్యమని మా దగ్గరికొస్తరు. మనిషిని నిలబెట్టేటప్పుడు మమ్మల్ని అడుగుతరా?" అంటారు. మన చర్చలన్నీ రిజర్వేషన్ శాతం దగ్గర ఆగిపోతుంటే వాళ్లు అసలు విషయం పట్టుకున్నారనిపిస్తుంది. ఇవాళ ఆ ప్రశ్న గురించే మాట్లాడతాను.

మొదట మండల పరిషత్తు సంగతి చూద్దాం. 1986 చట్టంతో ఎన్.టి.రామారావు ప్రభుత్వం మండల వ్యవస్థ తెచ్చింది. 1987లో జరిగిన ఎన్నికల్లో మండలాధ్యక్షుణ్ణీ, జిల్లా పరిషత్తు అధ్యక్షుణ్ణీ ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. అప్పుడు స్త్రీలకు ఇచ్చిన రిజర్వేషన్ 9 శాతమే. తర్వాత 73వ రాజ్యాంగ సవరణ వచ్చింది. దానికి అనుగుణంగా చేసిన 1994 పంచాయతీరాజ్ చట్టం స్త్రీలకు మూడోవంతు స్థానాలిచ్చింది. కానీ అదే చట్టం అధ్యక్షుల ఎన్నికను పరోక్షం చేసింది. అప్పటినుంచి ఓటరు ఎంపీటీసీ సభ్యురాలిని ఎన్నుకుంటుంది, ఆ సభ్యులు మండలాధ్యక్షురాలిని ఎన్నుకుంటారు. జిల్లా పరిషత్తులో జెడ్పీటీసీలదీ ఇదే పద్ధతి. తర్వాతి కాలంలో స్త్రీల వాటా సగానికి పెరిగింది. తెలంగాణ 2018 చట్టంలోనూ సగమే ఉంది. అంటే కుర్చీలు పెరిగాయి. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న నిర్ణయం మాత్రం ఓటరు నుంచి ఒక మెట్టు పైకి జరిగింది.

ఈ పరోక్ష ఎన్నిక ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఫలితాలు రాగానే సభ్యులను క్యాంపుకు తీసుకుపోతారు. ఫోన్లు తీసుకుంటారు. మహిళా సభ్యురాలి వెంట భర్తో, కొడుకో, మరిదో వెళ్తాడు. బేరసారాలు వాళ్లతోనే నడుస్తాయి. ఎన్నిక రోజున అందరినీ బస్సులో తెచ్చి మండల ఆఫీసు ముందు దింపుతారు. లోపల చేతులెత్తి ఓటేయాలి. పార్టీ విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. ఊరి ఓటరుకు రహస్య ఓటు ఉంది. ఆ ఊరి ప్రతినిధిగా వెళ్లిన స్త్రీకి అది లేదు. ఫిరాయింపులను అడ్డుకోవడానికి విప్ అవసరమని పార్టీలు అంటాయి. సభ్యులు అమ్ముడుపోకూడదన్నదీ నిజమే. అయితే అధ్యక్ష పదవికి పార్టీ ఎవరిని అనుకుంటున్నదో ఓటింగుకు ముందే జనానికి చెబితే, సగం బేరాలు అక్కడే ఆగిపోతాయి కదా? ఆ పని చేయరు. అధ్యక్షురాలి పేరు క్యాంపులోనే తేలుతుంది.

ఇక బి-ఫారం. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు. ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికలకు ఉంటుంది. గుర్తు కావాలంటే పార్టీ ఇచ్చే బి-ఫారం తేవాలి. ఆ కాగితం నియోజకవర్గ నాయకుడి చేతిలో ఉంటుంది. అది ఎవరికిస్తారో ఆఖరి గంటదాకా తేలదు. స్థానం స్త్రీలకు రిజర్వు కాగానే పార్టీ మొదట వెతికేది తమ కార్యకర్తల్లో స్త్రీ ఎవరున్నారని కాదు. పోటీ చేద్దామనుకున్న మగవాడి ఇంట్లో స్త్రీ ఎవరున్నారని. అయిదేళ్లు వార్డు సభ్యురాలిగా చేసి, అంగన్‌వాడీ గురించో, రేషన్ గురించో, నీళ్ల గురించో కొట్లాడిన మనిషి పక్కనే ఉంటుంది. ఆమె పేరు చర్చకు రాదు. తర్వాత మనమే 'సర్పంచ్ పతి' అని వెక్కిరిస్తాం. ఆ వెక్కిరింతలో కొంత అన్యాయముంది. తెరవెనుక భర్త ఉండేట్టుగానే ఎంపిక జరిగినప్పుడు తప్పు ఆ స్త్రీ అసమర్థతది అనడం సరికాదు.

అసెంబ్లీ దాకా వెళ్తే ఈ తలుపు ఇంకా ఇరుకవుతుంది. 2023 ఎన్నికలకు అప్పటి అధికార పార్టీ భారత రాష్ట్ర సమితి ఆగస్టు 21న 115 మంది పేర్లను ఒక్కసారే ప్రకటించింది. అందులో స్త్రీలు 7 మంది. అదే ఏడాది మార్చిలో అదే పార్టీ నాయకురాలు కవిత చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ కోసం ఢిల్లీలో దీక్ష చేశారు. కాంగ్రెస్ దరఖాస్తులు పిలిచింది. ఎస్సీ, ఎస్టీలకు 25 వేలు, మిగతావారికి 50 వేలు రుసుము పెట్టింది. వెయ్యికి పైగా దరఖాస్తులు వచ్చాయి. చూడడానికి ఇది కొంత బహిరంగ పద్ధతే. కానీ ఆ దరఖాస్తులు గాంధీభవన్ నుంచి స్క్రీనింగ్ కమిటీకి, అక్కణ్ణుంచి ఢిల్లీలోని కేంద్ర ఎన్నికల కమిటీకి వెళ్తాయి. ఆలేరులోనో, అచ్చంపేటలోనో పార్టీ జెండా మోసిన స్త్రీని ఈ దారిలో ఎవరూ ఏమీ అడగరు.

ఆ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద 119 స్థానాల్లో 10 మంది స్త్రీలు గెలిచారు. ఉమ్మడి నల్లగొండలో 12, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14, కలిపి 26 స్థానాల్లో గెలిచిన స్త్రీలు ఇద్దరు. కోదాడలో పద్మావతి, నారాయణపేటలో పర్ణిక. మొదటివారు హుజూర్‌నగర్ నుంచి గెలిచిన ఉత్తమ్‌కుమార్ రెడ్డి భార్య. రెండవవారు 2005లో మావోయిస్టుల కాల్పుల్లో మరణించిన చిట్టెం నర్సిరెడ్డి మనుమరాలు. గద్వాల నుంచి పలుమార్లు గెలిచి, 2024లో మహబూబ్‌నగర్ ఎంపీ అయిన డి.కె.అరుణ ఆ నర్సిరెడ్డి కూతురే. వీళ్ల సామర్థ్యాన్ని గానీ, వాళ్లు పడ్డ కష్టాన్ని గానీ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. స్త్రీలు రాజకీయాల్లోకి రావడానికి పార్టీలు ఏ తలుపు తెరిచి ఉంచాయో చూడమంటున్నాను. అది ఇంటి లోపలి తలుపు. స్థానిక సంస్థల మెట్టెక్కి వచ్చినవాళ్లు లేరా? గద్వాలలో జిల్లా పరిషత్తు అధ్యక్షురాలిగా చేసిన సరిత 2023లో అసెంబ్లీకి నిలబడ్డారు, ఓడిపోయారు. అలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టాల్సి రావడమే సమస్య.

గెలిచే స్త్రీలు దొరకడం లేదన్నది పార్టీలు ఎప్పుడూ చెప్పే జవాబు. ఈ నేల మీద నిలబడి ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆరుట్ల కమలాదేవి 1952 నుంచి 1967 దాకా ఆలేరుకు ప్రతినిధి. మల్లు స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి గెలిచారు. ఇద్దరూ సాయుధ పోరాటంలోంచి వచ్చినవాళ్లు. ఉద్యమం నడుస్తున్నప్పుడు ఎవరు నాయకులో జనం కళ్లముందే తేలింది, పార్టీ కాదనలేకపోయింది. 1992లో నెల్లూరు జిల్లాలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో మాత్రం పార్టీలు తెలివి నేర్చాయి. స్త్రీల డిమాండును ప్రణాళికలో చేర్చుకున్నాయి, స్త్రీలను జాబితాలో చేర్చుకోలేదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో పోయింది. నిర్ణయం చేసే చోట మన మనుషులు లేకపోతే గెలిచింది నిలవదని అప్పుడే అర్థమైంది.

పార్టీలు నిలబెట్టిన పేర్లతో విసిగినప్పుడు జనం ఏం చేశారు? 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోతున్నా ఏ పార్టీ పట్టించుకోలేదని, దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి వేయించిన నామినేషన్లే అందులో ఎక్కువ. బ్యాలెట్టు పుస్తకమంత అయింది. సీపీఐ అభ్యర్థి ధర్మభిక్షం గెలిచారు, 477 మందికి డిపాజిట్లు పోయాయి. ఆ నిరసనను దేశమంతా చూసింది. చట్టం దానినుంచి తీసుకున్న పాఠం మాత్రం వేరు. అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10 వేలకు పెరిగింది. గుర్తింపు పొందిన పార్టీ బలపరచని అభ్యర్థికి పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. తలుపు తట్టినవాళ్ల ముందు గడప ఎత్తు పెంచారు. 2010 నుంచి ఆ డిపాజిట్ 25 వేలు. కూలికి పోయే స్త్రీకి ఇది ఎంత ఎత్తో మీరే ఆలోచించండి. అయినా 2023లో కొల్లాపూర్‌లో కర్నె శిరీష అనే నిరుద్యోగ దళిత యువతి ఇండిపెండెంటుగా నిలబడి 5,700కు పైగా ఓట్లు తెచ్చుకుంది. ప్రచారంలో ఆమె తమ్ముడి మీద దాడి జరిగింది. రక్షణ కోసం హైకోర్టుకు పోవాల్సి వచ్చింది. పార్టీ గొడుగు లేకుండా బయటికొచ్చిన స్త్రీ చెల్లించాల్సిన ధర అది.

ఇది మన ఒక్క దేశపు జబ్బు కాదు. అమెరికాలో పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ప్రతినిధులు సమావేశమై ఎంచుకుంటారు. 1968లో చికాగోలో డెమొక్రటిక్ పార్టీ ప్రతినిధులు, ఏ రాష్ట్ర ప్రైమరీ ఎన్నికలోనూ పోటీ చేయని హంఫ్రీని అభ్యర్థిగా నిలిపారు. బయట వీధుల్లో యువకుల మీద లాఠీలు విరిగాయి. ఆ ఆగ్రహంతో పార్టీ ఒక కమిషన్ వేసి, ప్రతినిధులను ఎంచే నియమాలు మార్చింది. స్త్రీలకు జనాభాకు తగిన స్థానం ఉండాలంది. 1968లో 13 శాతంగా ఉన్న స్త్రీ ప్రతినిధులు 1972 నాటికి సుమారు 40 శాతమయ్యారు. ఆ తర్వాత అక్కడ డబ్బు పాత్ర పెరిగింది, 1980లలో పార్టీ పెద్దలు తమకు ప్రత్యేక ఓట్లు తెచ్చుకున్నారు. కాబట్టి ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చుకోమని నేననను. ఎంపిక నియమం మారితే నాలుగేళ్లలో ఎంత మార్పు వస్తుందో మాత్రం గుర్తుంచుకుందాం.

మన చట్టం ఈ విషయంలో మౌనంగా ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 29-ఎ సెక్షను ప్రకారం పార్టీ ప్రజాస్వామ్య సూత్రాలకు కట్టుబడతానని రాసివ్వాలి. అభ్యర్థిని ఎలా ఎంచాలో ఒక్క మాట లేదు. పార్టీల అంతర్గత ప్రజాస్వామ్యానికి చట్టం కావాలని 1999లో లా కమిషన్ సిఫారసు చేసింది. రాసిచ్చిన మాట తప్పిందని పార్టీ నమోదును రద్దు చేసే అధికారం ఎన్నికల కమిషన్‌కు సాధారణంగా లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో చట్టసభల్లో మూడోవంతు రిజర్వేషన్‌కు చేసిన 106వ సవరణ, దాని అమలును జనగణనకూ నియోజకవర్గాల పునర్విభజనకూ ముడిపెట్టింది. అది అమలైన రోజున కూడా ఆ మూడోవంతులో ఎవరుండాలో చెప్పేది ఈ పార్టీలే. చట్టం లేకుండా చేయలేమన్న సాకూ నిలవదు. 2019లో ఒడిశాలో బిజూ జనతాదళ్ 21 లోక్‌సభ స్థానాల్లో 7 స్త్రీలకిచ్చింది, అయిదుగురు గెలిచారు.

కాబట్టి ఎంపిక ప్రక్రియ మీదే మన పని మొదలుకావాలి. మొదటిది, బి-ఫారం ఇచ్చే ముందు పార్టీ తన మండల కార్యకర్తల సభ పెట్టి, స్త్రీలను మాట్లాడనిచ్చి, పేర్లు బహిరంగంగా ప్రకటించాలని అడగాలి. రెండవది, మండల, జిల్లా అధ్యక్ష పదవులకు తమ అభ్యర్థి ఎవరో ఓటింగుకు ముందే చెప్పమనాలి. మూడవది, జనరల్ స్థానాల్లో కూడా స్త్రీల వాటా కోసం పట్టుబట్టాలి. నాలుగవది మనం చేయాల్సింది. వార్డు సభ్యులుగా, సర్పంచులుగా, సంఘాల నాయకులుగా పనిచేసిన స్త్రీల జాబితా ప్రతి మండలంలో మనమే తయారుచేయాలి. దళిత, బీసీ, లంబాడా, చెంచు స్త్రీల పేర్లు అందులో ముందుండాలి. 'స్త్రీలు దొరకడం లేదు' అన్న పార్టీ ఆఫీసుకు ఆ జాబితా పట్టుకుని వెళ్లాలి. వాళ్లలో ఎవరినీ ఎందుకు తీసుకోలేదో ఊరి ముందు చెప్పమనాలి.

ఓటు అడగడానికి వచ్చినప్పుడు మనం వేయాల్సిన మొదటి ప్రశ్న ఈ పేరును ఎవరిని అడిగి పెట్టారని. దానికి జవాబు చెప్పలేని పార్టీని మిగతావి అడిగి లాభం లేదు.