మూలబడిన యంత్రపు రంపము

(రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



రంపము విలువ తుపాను మరునాడు తెలియును. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు లెక్కకు మిక్కిలి వృక్షములు వీధుల కడ్డముగా కూలినవి. వానిని ఖండించి బాటలు తెరచుటకు యంత్రపు రంపములు, అనగా చైన్ సాలు, ఎంతయో తోడ్పడినవి. అట్టి దినమున కొట్టుమూల నుండి తీసిన రంపము ఎన్నిసార్లు త్రాడు లాగినను పలుకకున్నచో, దారి కావల వైద్యమునకై ఎదురుచూచు రోగి గతి యేమి? కావున పాత రంపమును బాగుచేయుట తీరికవేళ వేడుక కాదు. గాలివానకు ముందే ముగింపవలసిన పని.

ఈ యంత్రము చరిత్ర కొలదిగా తెలిసికొనదగినది. జర్మనీ దేశమున ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్తుతో నడచు గొలుసు రంపమును, 1929లో పెట్రోలుతో నడచుదానిని నిర్మించెను. అవి ఇద్దరు మోయవలసిన బరువులు. 1959లో ఆ సంస్థ వెలువరించిన కాంట్రా అను రంపము సుమారు 12 కిలోలకు దిగినది. ఇక గొలుసు పండ్లకు నేటి రూపమునిచ్చినవాడు అమెరికాలోని ఒరెగాన్ ప్రాంతపు జోసెఫ్ కాక్స్. 1946లో మొద్దును తొలుచుచున్న పురుగు తన దవడలను కుడి యెడమలకు త్రిప్పి కోయుట చూచి, అతడు కుడిపన్ను, ఎడమపన్ను వంతున గొలుసును కల్పించెను.

పనిచేసి అరుగుట ఒక తీరు. ఊరకుండి చెడుట మరియొక తీరు. మూలబడిన రంపమునకు తరచుగా పట్టునది రెండవ రోగమే. టాంకిలో విడిచిన పెట్రోలు ఆవిరియై, జిగురువంటి మడ్డి మిగులును. నేడు మన దేశమున అమ్ము పెట్రోలులో ఇథనాలు కలిసియుండును. అది గాలిలోని తేమను పీల్చును. రబ్బరు గొట్టములు బిరుసెక్కి పగులును. రంపమును ఏ ప్రక్కకు వంచినను నడువవలెను గనుక దాని కార్బురేటరులో తేలియాడు బుడ్డి ఉండదు. దానికి బదులు పలుచని పొర ఒకటి కదలుచు ఇంధనమును అందించును. ఆ పొర గట్టిపడిన నాడు యంత్రము మూగవోవును.

బాగుచేయువాడు మొదట త్రాడు లాగరాదు, మొదట చూడవలెను. స్పార్కుప్లగ్గును, సైలెన్సరును విప్పి, పొగ వెడలు రంధ్రము గుండ పిస్టనును పరీక్షింపవలెను. దానిపై నిలువు గీతలు లోతుగా నున్నచో నూనె చాలకయో, దొంగగాలి చొరబడియో అది కాలినదని తెలియవలెను. కారణమును కనుగొనక క్రొత్త పిస్టను వేసిన, అదియు కాలును. పిస్టను నున్నగా నున్నచో ఆశ కలదు. పాత పెట్రోలును పారవైచి, గొట్టమును, టాంకిలోని ఫిల్టరును మార్చి, కార్బురేటరును విప్పి కడిగి, క్రొత్త పొరలు వేయవలెను. సన్నని రంధ్రములలో తీగ పొడువరాదు; అవి పెద్దవైన ఇంధనపు కొలత తప్పును. గాలి ఫిల్టరునందలి పొట్టును దులుపవలెను.

ఈ ఇంజనుకు వేరుగా నూనె తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన టూస్ట్రోకు నూనెయే దాని ప్రాణము. 50కి 1 పాలు చెప్పిన యంత్రమునకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల నూనె. 25కి 1 పాలు కోరు పాతదానికి 40 మిల్లీలీటర్లు. తయారుచేసినవారి పుస్తకము ఏది చెప్పిన అదియే ప్రమాణము.

పిమ్మట గొలుసు. దానిని మోయు పట్టీ గాడిలోని మడ్డిని గీకి, నూనె రంధ్రమును తెరచి, రెండంచులును సమముగా అరుగునట్లు పట్టీని తలక్రిందుగా మార్చి బిగింపవలెను. ప్రతి పంటిని తగిన గుండ్రని ఆకురాయితో, ఒకే కోణమున, ఒకే లెక్కగా రాయవలెను. పదునున్న గొలుసు పెచ్చులు రాల్చును. మొద్దువారినది పిండి రాల్చును.

ఇంజను పలికినంతనే పని ముగిసినదని తలంపరాదు. వేగము తగ్గించినపుడు గొలుసు కదలక నిలువవలెను. పట్టీ కొన మ్రానునకు తగిలినచో రంపము ఎగిరి కోయువాని ముఖముపైకి వచ్చును. ఆ క్షణమున గొలుసును ఆపునది ముందరి బ్రేకు. అది పనిచేయని రంపముతో చెట్టు కోయరాదు. బ్రేకే లేని పురాతన రంపమును బాగుచేసిన, చూపుటకు ఉంచవచ్చును, కోతకు పంపరాదు. చెట్టు పోయిన మొలచును. చేయి పోయిన మొలవదు.

బాగైన రంపమును మరల మూల పెట్టునపుడు టాంకిని ఖాళీచేసి, మిగిలినది తీరువరకు నడిపి, తుడిచి, పొడిచోట ఉంచవలెను. తొలకరికి ముందొకసారి దించి పరీక్షింపవలెను. ఇంటిలోని యంత్రముతో వచ్చిన పుస్తకమును చింపి పారవేయక, ప్రతి యొకటి ఈ గ్రంథాలయమునకు ఇచ్చినచో, ఆపదవేళ ఊరివారందరికిని అది అందుబాటులో నుండును.