ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి కొత్త టైర్లు



కోలారు, చిక్కబళ్లాపురం, పావగడ వారికీ, అటు పలమనేరు, మదనపల్లె, హిందూపురం, మడకశిర వారికీ, ఇటు హోసూరు వారికీ బెంగళూరు దగ్గరలో ఉన్న పెద్ద సంత వంటిది. పెళ్లి బట్టలకు చిక్కపేట ఎట్లాగో బండి సామాన్లకు జె.సి. రోడ్డు అట్లాగ. టౌన్‌హాలు దగ్గర మొదలై మినర్వా సర్కిల్ దాకా సాగే ఆ రోడ్డుకూ, కలాసిపాళెం బస్సుస్టాండుకూ నడిచిపోయేంత దూరమే. ఊళ్లో పని ముగించుకుని, సాయంత్రం బస్సుకు ముందు ఒక గంటలో టైర్ల బేరం కూడా తేల్చేసుకుందామని అక్కడికి వచ్చే బండి యజమానులు చాలామంది ఉన్నారు. ఆ గంటలో తేల్చుకునే పని ఐదేళ్లపాటు మనతో ఉంటుంది. అందుకే ఇంటి దగ్గర ఉండగానే కొన్ని విషయాలు ఆలోచించుకుని బయలుదేరడం మంచిది.

ఈనాటి ప్రసంగం నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే వ్యాన్ల గురించీ, జీపుల గురించీ. అన్ని బండ్లకూ చెప్పే మాటలు వీటికి కొంతవరకే పనికివస్తాయి. వీటికి సొంతంగా ఒక నియమం ఉంది. నాలుగు టైర్లూ ఒకే కొలతవి, ఒకే రకానివి, ఇంచుమించు ఒకే అరుగుదల ఉన్నవి కావాలి.

ఎందుకంటారా? మామూలు వ్యానులో ఇంజను బలం రెండు చక్రాలకే పోతుంది. వీటిలో గేరుపెట్టె వెనక ట్రాన్స్‌ఫర్ కేసు అనే మరో పెట్టె ఉంటుంది. లివరు వేయగానే ముందు ఇరుసుకు కూడా బలం అందుతుంది. మన దగ్గర తిరిగే ఫోర్‌వీల్ బొలేరోలు, థార్లు, గూర్ఖాలు, పాత జిప్సీలు ఈ తరహావే. లివరు వేసిన తరువాత ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి పొడుగు అడుగు, ఇంకొకటి పొట్టి అడుగు వేస్తే ఏమవుతుందో రైతులకు నేను చెప్పనక్కరలేదు.

లెక్క చూద్దాం. బొలేరోలకు ఎక్కువగా వచ్చే కొలత 215/75 ఆర్ 15. అంటే టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు. ఈ టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి 2 మీటర్ల 21 సెంటీమీటర్లు పోతుంది. గాడి లోతు కొత్తలో 8 మిల్లీమీటర్లు ఉండి, అరిగి 3కు వచ్చిందనుకోండి. చుట్టుకొలతలో 3 సెంటీమీటర్లు తగ్గుతుంది. మూడు సెంటీమీటర్లేగా అనిపిస్తుంది. కానీ కిలోమీటరుకు అరిగిన టైరు కొత్త టైరుకన్నా సుమారు ఆరు చుట్లు ఎక్కువ తిరగాలి. వెనక కొత్తవి, ముందు పాతవి వేసి, లివరు వేసి ఉంచి బెంగళూరు నుంచి కోలారుకు పోయారంటే నాలుగు వందల చుట్లకు పైగా తేడా. ఎండిన తారురోడ్డు మీద చక్రం జారదు. కాబట్టి ఆ తేడా అంతా ఇరుసుల మీదా, ట్రాన్స్‌ఫర్ కేసులోని గేర్ల మీదా పడుతుంది. టైర్లలో మిగిల్చుకున్న డబ్బు మెకానిక్కు చేతికి పోయే దారి ఇదే.

నాలుగూ ఒకేసారి కొనే స్తోమత అందరికీ ఉండదు, ఒప్పుకుంటాను. రెండే కొనగలిగితే అదే కొలతలో, పాతవాటి రకానికి దగ్గరగా ఉన్నవి కొని వెనక ఇరుసుకు వేయించండి. పాతవాటిలో మంచి జత ముందుకు పోతుంది. ఆ రెండూ మార్చేవరకు తారురోడ్డు మీద లివరు జోలికి పోకండి. బురదలో, ఇసుకలో ఇరుక్కున్నప్పుడు మాత్రం వేసుకోవచ్చు, అక్కడ చక్రం జారి తేడాను తానే సర్దుకుంటుంది. లివరు అనేదే లేకుండా ఎప్పుడూ నాలుగు చక్రాలకూ బలం అందే బండ్లు కొన్ని ఉన్నాయి. వాటికి ఈ వెసులుబాటు లేదు. నాలుగూ మార్చవలసిందే.

ఇక ఏ రకం టైరు? అంగట్లో మూడు రకాలు చూపిస్తారు. ఒకటి తారురోడ్డు టైరు. గాళ్లు సన్నగా ఉంటాయి, చప్పుడు తక్కువ, డీజిలు కలిసివస్తుంది. రెండోది పెద్ద పెద్ద దిమ్మలతో ఉండే బురద టైరు, మనవాళ్లు బటన్ టైరు అంటారు. మూడోది ఈ రెండింటికీ మధ్యది, ఆల్ టెర్రైన్ అని పేరు. కుర్రవాళ్ల కన్ను బటన్ టైరు మీదే పడుతుంది, బండికి దర్జా వస్తుందని. నల్లరేగడి వానకు తడిసినప్పుడు దాని అవసరం నిజంగానే తెలుస్తుంది. తారురోడ్డు టైరు గాళ్లు జిగట మట్టితో పూడిపోయి చక్రం గుండులా తిరుగుతుంది. బటన్ టైరు తిరిగేకొద్దీ ఆ మట్టిని విసిరేస్తుంది. అదే టైరు తడిసిన తారుమీద మాత్రం నేలను తక్కువ తాకుతుంది, బ్రేకు వేస్తే ఆగే దూరం పెరుగుతుంది. హోరు సరేసరి.

కాబట్టి మీ బండి నెలలో ఎన్నాళ్లు ఏ దారిలో తిరుగుతుందో కాగితం మీద రాసుకోండి. తోట నుంచి టమోటాలు కోలారు మార్కెట్టుకో మదనపల్లె మార్కెట్టుకో చేర్చే బండి నాలుగు కిలోమీటర్లు మట్టిదారిలో, నలభై తారుమీద నడుస్తుంది. మన ఎర్రమట్టి, కంకర దారులకు ఆల్ టెర్రైన్ చాలు. రోజూ రేగడి చేలల్లో దిగే బండికి తప్ప బటన్ టైరు అక్కరలేదని నా అభిప్రాయం. ముళ్లకంపలున్న పావగడ, మడకశిర వైపు వారు టైరు పక్కలు దళసరిగా ఉన్నవి అడగాలి. గాడి భాగంలో దిగిన ముల్లుకు పంక్చరు వేయవచ్చు, పక్క చీలితే ఆ టైరు పని అయిపోయినట్టే.

మరో మాట. ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి సాయపడుతుంది, ఆపడానికి కాదు. పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగేటప్పుడు వాన పడుతూ ఉంటే మీకూ లోయకూ మధ్య ఉన్నది ఆ టైరు గాళ్ల లోతే. తిరుపతికి పోయే కుటుంబాన్ని ఎక్కించుకుని రాత్రివేళ ఆ దారి పట్టే డ్రైవరు ఇది గుర్తుంచుకోవాలి. చట్టం ప్రకారం కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. గాళ్ల అడుగున అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందంటే ఆ హద్దు వచ్చినట్టే. ఘాటురోడ్డు బండికి అంతవరకు ఆగవద్దనీ, వానాకాలానికి ముందు 3 మిల్లీమీటర్లు కనబడితే మార్చేయమనీ నేను చెబుతాను.

టైరు పక్కన కొలత తరువాత ఇంకో అంకె, ఒక అక్షరం ఉంటాయి. అంకె బరువుకు సంబంధించింది. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుంది, 97 అంటే 730 కిలోలు. అక్షరం వేగానికి. ‘ఎస్’ అంటే గంటకు 180 కిలోమీటర్లు. మన బండ్లకు వేగం అక్షరంతో పెద్దగా పనిలేదు, బరువు అంకె మాత్రం పాత టైరు మీద ఉన్నదానికి తగ్గరాదు. వెడల్పు ఎక్కువైతే బాగుంటుందని 235/75 వేయించుకునేవారున్నారు. ఆ టైరు 3 సెంటీమీటర్లు ఎత్తు. స్పీడోమీటరు 80 చూపుతుంటే బండి 83 మీద పోతూ ఉంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకోవచ్చు, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అలసిపోతుంది. తయారీదారు చెప్పిన కొలతకే కట్టుబడండి.

ఇప్పుడు తేదీ. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలుంటాయి. 2325 అని ఉంటే 2025వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఇది నాలుగింటికీ చూడండి, మోకాళ్లు నొప్పి అయినా వంగి చూడండి. ఏడాది లోపువి అడగండి. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. పెళ్లిళ్లకూ తిరుపతి ప్రయాణాలకూ మాత్రమే తీసే బండి టైరు గాళ్లు కొత్తగానే కనబడతాయి, కానీ పక్కన సన్నటి పగుళ్లు వచ్చి ఉంటాయి. ఐదేళ్లు దాటాక ఏటా చూపించుకోవాలి, పదేళ్లు దాటితే గాడి ఎంత ఉన్నా తీసేయవలసిందే.

సెకండ్‌హ్యాండు టైర్ల అంగళ్లు కూడా ఉన్నాయి. గాళ్లు మళ్లీ కోసి, నల్లరంగు పూసి అమ్మేవారూ ఉన్నారు. నాలుగూ ఒకే అరుగుదల ఉన్నవి అక్కడ దొరకడం అరుదు కనుక మన బండికి ఆ దారి పనికిరాదు. ఏ కంపెనీ మంచిదని అడుగుతారు. రేడియోలో సిఫారసు చేయడం మర్యాద కాదు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి, బిల్లు తీసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఆ తగ్గింపు మీ బిల్లులో కనబడుతున్నదో లేదో చూసుకోండి. బిల్లు లేకుండా ఇంకో రెండు వందలు తగ్గిస్తానంటే తీసుకోకండి, టైరు ఉబ్బితే వారంటీకి ఆ కాగితమే కావాలి.

స్టెప్నీ కూడా అదే కొలతదై ఉండాలి. వీలైతే ఐదూ కొని, పది వేల కిలోమీటర్లకు ఒకసారి ఐదింటినీ మార్చి మార్చి వేయిస్తే అన్నీ సమానంగా అరుగుతాయి. బిగించిన తరువాత బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు అక్కడే చేయించుకోండి. గాలి ఎంత పట్టాలో తలుపు దగ్గర చీటీ మీద గానీ, బండితో ఇచ్చిన పుస్తకంలో గానీ ఉంటుంది, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడపండి, కొత్త రబ్బరు పైన నునుపు పోవాలి. చక్రాల నట్లు వంద కిలోమీటర్ల తరువాత ఒకసారి మళ్లీ బిగించాలి. బెంగళూరు నుంచి ఒక దారిలో ముళబాగిలు, ఇంకో దారిలో బాగేపల్లి ఇంచుమించు అంత దూరమే. టీకి ఆపినప్పుడు పానా బయటికి తీయండి.