ఇల్లు వచ్చింది, కట్టాల్సిన వాటా ఎక్కడిది?

పరలోక నివాసాల గురించి ప్రసంగాలు మీరు చాలా విన్నారు. ఈ పూట మేము పుళియంతోపు, వ్యాసర్పాడి, పెరుంబాక్కం ఇళ్ళ గురించి మాట్లాడతాం.

చెన్నైని ఊడ్చిన చేతుల్లో తెలుగు చేతులు ఎన్నో. నెల్లూరు, ప్రకాశం వైపు నుండి తాతలు వచ్చి పారిశుధ్య పనిలో చేరారు. మనవలు పెళ్ళీడుకొచ్చినా సొంత గోడ లేని కుటుంబాలు మన సంఘాల్లో ఇంకా ఉన్నాయి. వాళ్ళకు ఇల్లంటే బోర్డు ఇల్లే. 1970లో పెట్టిన ఆ 'కుడిసై మాట్రు వారియం' 2021లో పేరు మార్చుకుని నగర నివాస అభివృద్ధి బోర్డు అయింది. మన పెద్దవాళ్ళ నోట మాత్రం అది ఇప్పటికీ స్లమ్ బోర్డే.

"అలాట్‌మెంట్ వచ్చిందండీ, ప్రార్థన పెట్టండి" అంటారు. సంతోషంగా వెళ్తాం. ప్రార్థన అయ్యాక టీ గ్లాసు అందిస్తూ ఆ ఇంటి అమ్మ నెమ్మదిగా అసలు సంగతి చెబుతుంది. తాళంచెవి చేతికి రావాలంటే ముందు డబ్బు కట్టాలి.

ఈ ముందు డబ్బు రెండుసార్లు మీద పడుతుంది. పాత బ్లాకు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు కుటుంబం బయట అద్దెకు వెళ్ళాలి. అందుకు బోర్డు ఇచ్చేది 24,000 రూపాయలు. అంతకుముందు 8,000 ఉండేది, కాబట్టి పెరిగిందనే ఒప్పుకోవాలి. కానీ కట్టడం రెండేళ్ళు సాగితే నెలకు వెయ్యి రూపాయలే. వెయ్యికి చెన్నైలో గది ఎక్కడ దొరుకుతుంది? పైగా ఇంటి ఓనరు అడ్వాన్సు అడుగుతాడు. తమిళనాడు 2017 అద్దె చట్టం మూడు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోకూడదంటుంది, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప. ఆ 'తప్ప' దగ్గరే మనవాళ్ళు ఇరుక్కుంటారు. సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని తమిళం చదవగలిగిన పిల్లలతో చదివించండి.

రెండోది లబ్ధిదారుని వాటా. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద కట్టిన బోర్డు ఫ్లాట్లకు కేంద్రం ఇంటికి లక్షన్నర ఇస్తుంది, రాష్ట్రం తన వాటా వేస్తుంది, మిగిలింది కుటుంబం కట్టాలి. ఆ మిగిలింది లక్ష దాటిన చోట్లున్నాయి. దినకూలికి లక్ష అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

అప్పుడు వడ్డీ మనిషి వస్తాడు. నూటికి ఐదు రూపాయల వడ్డీకి లక్ష తీసుకుంటే నెలకు 5,000, ఏడాదికి 60,000, అదీ అసలు అలాగే ఉండగా. ఇల్లు సర్కారుదే, అద్దె మాత్రం వడ్డీ మనిషికి కట్టినట్టు. మేమెరిగిన ఒక కుటుంబంలో తల్లి కమ్మలు, కోడలి గొలుసు రెండూ కుదువకు వెళ్ళాయి. ఇది అప్పు చేసి పప్పుకూడు తినడం కాదు, తలమీద కప్పు కోసం చేసిన అప్పు. కందువడ్డీని నిషేధించే చట్టం 2003 నుండి ఉంది, కానీ అదే వీధిలో ఉండే మనిషి మీద ఫిర్యాదు రాయడానికి ఎవరికి ధైర్యం?

సాయం ఎక్కడుందో వెతుకుదాం. కాంట్రాక్టు పనివాళ్ళకు పి.ఎఫ్. కోస్తూ ఉంటే, ఇల్లు కొనడానికి అందులో కొంత తీసుకునే వీలుంది. చాలామందికి తమ యు.ఏ.ఎన్. నంబరే తెలియదు. ఇంట్లో ఎవరైనా నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదై ఉంటే తప్పకుండా అడగాలి. బోర్డు ఫ్లాటుకైనా 4 లక్షల వరకు సాయం చేసే పథకం అక్కడుంది. మహిళా స్వయం సహాయక సంఘాల బ్యాంకు అప్పు వీధి అప్పుకంటే ఎంతో చవక. ఆవాస్ యోజన ఇల్లు ఇంటి ఆడవాళ్ళ పేరున, లేదా భార్యాభర్తలిద్దరి పేరున ఇస్తారు. కాబట్టి అప్పు పత్రాలు కూడా అమ్మ పేరుతో సరిపోయేలా చూసుకోండి.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. ఎస్సీ కుటుంబాలకు తాడ్కో లాంటి సంస్థల సాయం ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులు ఎస్సీలు కారు. తమిళనాడు వాళ్ళను బీసీల్లో చేర్చింది. పక్కపక్క గదుల్లో పుట్టిన ఇద్దరు అన్నదమ్ముల పిల్లల్లో ఒకరికి ఆ తలుపు తెరుచుకుంటుంది, బాప్తిస్మం సర్టిఫికెట్ ఉన్నవాడికి మూసుకుంటుంది. ఇది న్యాయమని మేము ఒప్పుకోం. ఆ పోరాటం ఢిల్లీ దాకా సాగాల్సిందే. వాటా గడువు మాత్రం అంతవరకు ఆగదు.

నెహెమ్యా కాలంలోనూ జనం పొలాలు, ఇళ్ళు కుదువపెట్టి ధాన్యం తెచ్చుకున్నారు. ఆయన పెద్దలను పిలిచి వడ్డీ మానమన్నాడు, ఇళ్ళు తిరిగి ఇవ్వమన్నాడు. మన సంఘాల్లో గుడి రంగుకు, క్రిస్మస్ లైట్లకు చందా త్వరగానే పోగవుతుంది. వడ్డీ లేని చేబదులు నిధికి ఎందుకు పోగవదు? స్త్రీల కూడికలో నెలకు వందేసి వేసినా చాలు, ఒక కుటుంబానికి వాటాలో కొంత సర్దవచ్చు, తిరిగి వచ్చాక ఇంకొకరికి.

యువతీయువకులారా, మీ పని వేరు. తెలుగు చదవడం రాక మీరు మొహమాటపడుతుంటారు. బడిలో నేర్చుకున్న ఆ తమిళమే ఇక్కడ అవసరం. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత ఒక బల్ల వేసుకుని కూర్చోండి. అలాట్‌మెంట్ కాగితం, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం తెమ్మనండి. ఎంత కట్టాలి, ఏ తేదీలోగా కట్టాలి, వాయిదాలకు వీలుందా అని అర్జీ రాయించండి. డబ్బు బోర్డు పేరున డి.డి.గా కట్టాలి, బ్రోకరు చేతికి నగదు ఇవ్వకూడదు. రసీదు జిరాక్స్ మూడు తీసి, ఒకటి సంఘ కార్యదర్శి దగ్గర పెట్టండి.