పొలిమేర చిత్రములు – పెద్దల కర్తవ్యము



చిందు భాగవతమును తెల్లవార్లు చూచినవారు మీలో అనేకులుందురు. రాత్రి రక్కసి వేషమును చూచి పిల్లలు తల్లుల కొంగుచాటున దాగుదురు. తెల్లవారిన పిదప ఆ వేషధారియే వాకిట నిలిచినచో గింజలు పెట్టి క్షేమమడుగుదుము. వేషము వేరు, మనిషి వేరు అని మనకు తెలియును. నేటి ప్రసంగమునకు ఈ తెలివియే మూలము.

అనిల్ విశ్వనాథ్ దర్శకత్వమున “మా ఊరి పొలిమేర” అను చిత్రము 2021లో వెలువడినది. పేరుమోసిన తారలు లేరు, వ్యయము స్వల్పము. సినిమాశాలలకు రాక నేరుగా ఇండ్లలోని తెరలపైకి వచ్చినది. జనులు మెచ్చుటచే రెండవ భాగము 2023 నవంబరు 3న సినిమాశాలలలోనే ప్రదర్శితమైనది.

ఈ రెండవ భాగము మెచ్చదగినదని నా యభిప్రాయము. ధనము లేనిచోట ఊరే పెట్టుబడియైనది: ఇరుకు సందులు, పాత గుడి, శ్మశానము, పొలిమేర. హాస్యపాత్రలకు పేరొందిన సత్యం రాజేష్ ఇందు కొమిరి యను ఆటో నడుపువాడు. మనము నవ్వుటకు అలవాటుపడిన ముఖమున క్రౌర్యము తోచినప్పుడు గుండె ఝల్లుమనును. అతని భార్యగా కామాక్షీ భాస్కర్ల నటన గంభీరము. మలుపులు అధికమై కథ కొంత చిక్కుపడినదనుటయు సత్యమే.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఈ కథలో చేతబడి నిజము. లోకమున అది లేదు. మొదటి భాగమున చేతబడి చేసెనని ఊరివారు కొమిరిని దహింతురు. కాని కొమిరి బ్రతికియే యున్నాడని కడపట తెలియును. నిప్పంటించిన చేతులకు తామెవరిని కాల్చితిమో తెలియదు. చిత్రమంతటిలో నాకు మిక్కిలి భయము గొలిపినది ఇదియే.

ఏలయన, ఇది మన సీమలో కథ మాత్రమే కాదు. మంత్రము చదువు నోరని పండ్లు పెరికిన దారుణములు తెలంగాణమున జరిగినవి. 2022 జనవరిలో జగిత్యాలలో, మంత్రములు చేయుదురను అనుమానముచే తండ్రిని, ఇద్దరు కుమారులను చంపిరి. ప్రాణహితకు ఆవలనున్న మహారాష్ట్రము ఇట్టి దురాచారములను నిషేధించుచు 2013లో శాసనము చేసినది.

శాసనమున కంటె ముందు పెద్దల మాట చేరవలెను. పసిబిడ్డకు జ్వరము తగ్గదు, పాడిగేదె చచ్చును, ఎవరో ఒక ముసలివాని పేరెత్తుదురు. ఆ క్షణమున మీరు మౌనము వహించినచో అది సమ్మతియే యగును. “ముందు బిడ్డను ఆసుపత్రికి కొనిపొండు” అని మీరొక్కరు పలికినను ఒక ప్రాణము నిలుచును.

చిత్రమును చూడుడు, భయపడుడు, ఆనందింపుడు. వేషమును మాత్రము ఆటస్థలముననే విడిచి రండు. సెలవు.