పసిబిడ్డ దాహం ఇంటిల్లిపాది పని

 

పొద్దంతా పనిచేసి, ఇంటికొచ్చి ఇంత వండిపెట్టి, బిడ్డను చంకనేసుకుని మీరు ఇక్కడికి వచ్చారు. అందుకని చుట్టు తిప్పకుండా చెబుతాను. ఈ రోజు మనం మాట్లాడుకునేది ఒకే సంగతి. ఎండలు ముదిరే ఈ రోజుల్లో ఇంట్లో పసిబిడ్డను ఎట్లా కాపాడుకోవాలి?

పంచాంగం ప్రకారం చైత్రం, వైశాఖం రెండూ వసంత రుతువే. ఉగాదికి వేపపూత కోశాం. పచ్చడి చేసుకున్నాం. పుస్తకాల్లో వసంతమంటే కోయిల కూత, చల్లని గాలి. మన చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి పక్కన మాత్రం వసంతం సగమయ్యేసరికే ఎండ నెత్తిమీదికి వస్తుంది. వైశాఖంలో పెన్న ఇసుక మీద కాలు మోపలేం. ఆ వెనకే రోళ్ళు పగిలే రోహిణి కార్తె. చాలా జిల్లాలు జూన్ వానలకు చల్లబడతాయి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. కాబట్టి మనకు వేడి త్వరగా పోదు.

ఈ ఎండ చిన్న సంగతి కాదు. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు.

పెద్దవాళ్ళకు దాహమైతే ఏం చేస్తాం? చెంబు ముంచుకుని తాగుతాం. ఎనిమిది నెలల బిడ్డ ముంచుకోలేదు. "నీళ్ళు" అని అడగలేదు. ఏడుస్తుంది, అంతే. మనం నిద్రకు ఏడుస్తోందనుకుంటాం. మొండికేసిందని కసురుకుంటాం. బిడ్డ ఒళ్ళు చిన్నది. అందులో నీరు త్వరగా తగ్గిపోతుంది. పెద్ద బానలో చెంబెడు నీళ్ళు తీస్తే తెలియదు. చిన్న ముంతలో అదే చెంబెడు తీస్తే ఏం మిగులుతుంది? అట్లాగే ఇదీ.

ముందు ఆరు నెలల లోపు బిడ్డ సంగతి చూద్దాం.

"ఎండలకు గొంతు ఎండిపోతుందిమే, చెంచా నీళ్ళు పొయ్యి" అంటుంది అవ్వ. ప్రేమతోనే అంటుంది. కానీ ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్ళు పొయ్యకూడదు. ఎండాకాలంలో కూడా తల్లిపాలే చాలు. తల్లిపాలలో నూటికి 88 పాళ్ళు నీరే. దాహమూ తీరుతుంది, ఆకలీ తీరుతుంది. నీళ్ళతో ఆ చిన్న పొట్ట నిండితే బిడ్డ పాలు తాగదు. ఆ నీళ్ళు మంచివి కాకపోతే రోగం కూడా వస్తుంది. అవ్వతో తగువు పడొద్దు. "అవ్వా, బిడ్డకు పోసే నీళ్ళు నాకు పొయ్యి, నేను తాగి బిడ్డకు పాలిస్తా" అనండి. అదే సరైన దారి. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. ఆమె చేతికి నీళ్ళ చెంబు అందించేవాళ్ళు ఇంట్లో ఉండాలి.

ఎండ రోజుల్లో బిడ్డకు ఇంకా ఎక్కువసార్లు పాలివ్వండి. బిడ్డ రోజుకు ఆరుసార్లయినా ఉచ్చ పోస్తే పాలు చాలుతున్నట్టే.

ఆరు నెలలు నిండాక తల్లిపాలతో పాటు మెత్తటి తిండి పెట్టాలి. కాచి చల్లార్చిన నీళ్ళు కొద్దికొద్దిగా, మాటిమాటికీ తాగించాలి. రాగిజావ మంచిది. పప్పన్నం మెత్తగా పిసికి పెట్టొచ్చు. పలుచటి మజ్జిగ పట్టొచ్చు. ఈ కాలంలో తాటిముంజలు వస్తాయి. పైపొర తీసి, బాగా చిదిమి పెట్టండి. ముక్క పెడితే గొంతులో అడ్డం పడుతుంది. ఇంకొక మాట. ఈ వేడికి అన్నం త్వరగా పాచిపోతుంది. పొద్దున వండినది సాయంత్రం బిడ్డకు పెట్టొద్దు.

బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలి? మధ్యాహ్నం రేకుల ఇల్లు పొయ్యిలా కాగుతుంది. పది గంటల నుంచి నాలుగు గంటల దాకా బిడ్డను చెట్టు నీడకో, గాలి ఆడే పంచకో తీసుకుపోండి. వేపచెట్టుకు చీర ఉయ్యాల కడితే బాగుంటుంది. అయితే ఉయ్యాల మీద గుడ్డ మూసెయ్యొద్దు. గాలి ఆడక లోపల వేడి పెరుగుతుంది. ఒక్క పలుచటి నూలు చొక్కా చాలు. ఒళ్ళు బాగా వేడెక్కితే తడిగుడ్డతో తుడవండి, విసనకర్రతో విసరండి.

కూలికి పోయే తల్లి ఏం చెయ్యాలి? బిడ్డను వెంట తీసుకుపోతే ఎండ. ఇంట్లో వదిలితే చూసేవాళ్ళు లేరు. ఇది తల్లి ఒక్కదాని కష్టం కాదని చట్టం కూడా ఒప్పుకుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో ఏం రాశారో తెలుసా? పనిచోట తాగే నీళ్ళు, నీడ ఉండాలని రాశారు. ఆరేళ్ళ లోపు పిల్లలు ఐదుగురు గానీ, అంతకంటే ఎక్కువ గానీ తల్లుల వెంట వస్తే, వాళ్ళను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టాలని రాశారు. ఆమెకు కూడా కూలి ఇవ్వాలని రాశారు. బిడ్డను చూసుకోవడం కూడా పనే. చట్టమే ఆ మాట చెప్పింది. మరి మన ఇంట్లో ఎందుకు ఒప్పుకోం?

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. బేదులు.

ఎండాకాలంలో నీళ్ళు తగ్గుతాయి. బోరింగులు అడుగంటుతాయి. దొరికిన నీళ్ళు దాచుకుంటాం. ఆ నీళ్ళలో చేతులు పెడతాం, ఈగలు వాలతాయి. బిడ్డకు బేదులు పట్టుకుంటాయి. అప్పుడు చాలామంది ఏం చేస్తారు? "నీళ్ళు తాగితే ఇంకా పోతాయి" అని నీళ్ళు ఆపుతారు. పాలు కూడా ఆపుతారు. అక్కలారా, ఇక్కడే బిడ్డ ప్రాణం పోతుంది. బేదులతో బిడ్డ ఒంట్లో నీరు, ఉప్పు పోతున్నాయి. పోయింది తిరిగి పొయ్యాలి గానీ ఉన్నది ఆపకూడదు.

పోయిన నీటిని తిరిగి పోసేదే ఓ.ఆర్.ఎస్. దాని బలం తెలిసిన కథ ఒకటి చెబుతాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. లక్షలమంది కట్టుబట్టలతో మన దేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లో బన్‌గావ్ దగ్గర శిబిరాల్లో కలరా పుట్టింది. సెలైన్ సీసాలు చాలలేదు. నూటికి ఇరవై, ముప్పైమంది దాకా పోతున్నారు. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు, సోడా నీళ్ళలో కలిపించి డ్రమ్ముల్లో పెట్టించాడు. రోగి పక్కనున్న తల్లులు, అన్నదమ్ములు, చుట్టాలు ఆ నీళ్ళు పట్టి తాగించారు. చావులు నూటికి నలుగురి లోపుకు తగ్గాయి. చూడండి, సూది లేదు, సీసా లేదు. ఉప్పు, తీపి, నీళ్ళు, పక్కన కూర్చునే మనిషి. అంతే.

ఉప్పుతో పాటు తీపి ఎందుకు? తీపి తోడుంటేనే పేగు ఆ ఉప్పునూ నీటినీ బాగా లోపలికి లాక్కుంటుంది. అయితే కొలత తప్పకూడదు. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు రెండు రకాలు వస్తాయి. ఒకటి 1 లీటరు నీళ్ళకు. ఇంకొకటి 200 మిల్లీలీటర్లకు, అంటే ఒక గ్లాసుకు. పెద్ద ప్యాకెట్ అంతా ఒక గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ముప్పు. అందుకే ముందు ప్యాకెట్ మీద అంకె చదవండి.

కలిపే పద్ధతి ఇది. చేతులు సబ్బుతో కడుక్కోండి. కాచి చల్లార్చిన నీళ్ళు కొలిచి పొయ్యండి. ప్యాకెట్ మొత్తం వేసి కలపండి. మూత పెట్టండి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోసి మళ్ళీ కలపండి. రెండేళ్ళ లోపు బిడ్డకు బేది అయిన ప్రతిసారీ పావు గ్లాసు నుంచి అర గ్లాసు దాకా, చెంచాతో కొద్దికొద్దిగా తాగించండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపొద్దు. తిండి ఆపొద్దు. ఆశా కార్యకర్తను అడిగితే జింక్ మాత్రలు ఇస్తుంది. వయసును బట్టి ఎంత వెయ్యాలో చెబుతుంది. బేదులు కట్టినా 14 రోజులూ వెయ్యాలి.

ప్యాకెట్ దొరకని వేళ ఇంట్లోనే కలుపుకోవచ్చు. 1 లీటరు మంచి నీళ్ళు, సమంగా కొట్టిన 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ప్యాకెట్ దొరికేదాకా ఇది పనికొస్తుంది.

ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి? కళ్ళు గుంట పడితే. ఆరేడు గంటలు ఉచ్చ పొయ్యకపోతే. పొట్ట మీద చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోతే. బేదిలో నెత్తురు పడితే. తాగింది తాగినట్టు కక్కితే. ఫిట్స్ వస్తే. బిడ్డ మగతగా పడి ఉండి, తాగలేకపోతే. అప్పుడు తెల్లవారనిద్దాం అనుకోవద్దు. 108కి ఫోను చెయ్యండి. బిడ్డ తాగగలిగితే దారిలో కూడా ఓ.ఆర్.ఎస్. తాగిస్తూనే పోవాలి.

"మా కాలంలో ఇవన్నీ ఎవరు చూశారు? బిడ్డలు పెరగలేదా?" అని కొందరు పెద్దలు అంటారు. పెరిగినవాళ్ళు మన కళ్ళ ముందు తిరుగుతున్నారు. పోయినవాళ్ళు కనిపించరు. ఏ అవ్వనైనా పక్కన కూర్చుని మెల్లగా అడగండి. "ఎంతమందిని కన్నావు? ఎంతమంది మిగిలారు?" అని. ఆమె లెక్క చెప్పేటప్పుడు ఆమె గొంతు వినండి.

అక్షరం ఇంటికి ఏం చేస్తుందో ఈ నేలకు తెలుసు. ఉదయగిరి పక్కన కలిగిరి మండలంలోని దూబగుంట ఆడవాళ్ళు చదువు కేంద్రాల్లో సీతమ్మ కథ పాఠం చదివారు. 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. వాళ్ళు చదివిన పాఠం ఇంటి కష్టానికి పనికొచ్చింది. మన చదువూ అట్లాగే పనికి రావాలి.

ఎందుకంటే మోసం కూడా అక్షరాల్లోనే వస్తుంది. తీపి పానీయాల అట్టడబ్బాల మీద ఓ.ఆర్.ఎస్. అనే అక్షరాలు వేసి ఏళ్ళ తరబడి అమ్మారు. వాటిలో చక్కెర ఎక్కువ. బేదుల బిడ్డకు అవి తాగిస్తే బేదులు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ళపాటు పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ, పానీయాల పేర్లలో ఓ.ఆర్.ఎస్. అని వాడకూడదని ఆదేశించింది. అయినా మన జాగ్రత్త మనది. రంగు నీళ్ళ డబ్బా కొనొద్దు. నీళ్ళలో కలిపే పొడి ప్యాకెట్ అడగండి. గడువు తేదీ చూడండి. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు మీకు వచ్చు. అనుమానం ఉంటే ఆశా కార్యకర్తకు చూపించండి.

చివరిగా, ఇంట్లో పనులు పంచుకోండి. నాయన పొద్దున్నే బిడ్డ నీళ్ళు కాచి, చల్లార్చి, మూత పెట్టాలి. రాత్రి బిడ్డ ఏడిస్తే ఒకసారి తల్లి లేస్తే ఒకసారి తను లేవాలి. అవ్వా తాతా మధ్యాహ్నం నీడలో కనిపెట్టుకోవాలి. సెలవులకు ఇంట్లో ఉన్న పెద్దపిల్ల కాసేపు ఎత్తుకోవచ్చు. కానీ రోజంతా చంటిబిడ్డను ఆమె చంకకు కట్టొద్దు. ఆమె కూడా పిల్లే. ఆమె చేత ప్యాకెట్ మీద రాత చదివించండి. చదువుకీ పనికీ అదే సాయం.

రేపు వచ్చేటప్పుడు మీలో ఒక్కరైనా ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్, లీటరు సీసా తీసుకురండి. ఇక్కడే చదువుదాం, కొలుద్దాం, కలుపుదాం. మగవాళ్ళు కూడా రావాలి. కలిపేది మొదట వాళ్ళ చేతే కలిపిద్దాం.